కాకినాడ దగ్గర లంగరేసిన ఓడల్ని రాడార్ చిత్రంలో గుర్తించడం

మబ్బు పట్టినా, చీకటి పడినా ఓడలు కనపడాలంటే రాడారే దిక్కు. సెంటినెల్-1 ఉపగ్రహ చిత్రాలు కోపర్నికస్ డేటా స్పేస్ సైటులో ఉచితం. కాకినాడ సముద్రం మీద పెట్టె గీసి, ఐడబ్ల్యూ మోడ్‌లో (తీరాల దగ్గర మామూలుగా తీసే వెడల్పాటి పట్టీ) జీఆర్‌డీ ఫైలు (వెలుగు మాత్రమే ఉండే సిద్ధం చేసిన చిత్రం) దించుకోండి. పిక్సెల్ 10 మీటర్లు. ఫైలు పేరులో ఉండేది యూటీసీ సమయం, దానికి ఐదున్నర గంటలు కలుపుకోవాలి.

ఉపగ్రహ చిత్రాల కోసం ఉన్న స్నాప్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ముందు వీహెచ్ బ్యాండ్ చూడండి. రాడార్ నిలువు తరంగం పంపి, తిరిగొచ్చిన దాంట్లో అడ్డంగా ఉన్నది పట్టుకుంటే వీహెచ్, నిలువుగా ఉన్నది పట్టుకుంటే వీవీ. వీవీలో గాలికి రేగిన అలలూ మెరుస్తాయి. వీహెచ్‌లో నీళ్లు నల్లబడి, ఓడ తెల్లటి చుక్కలా తేలుతుంది. ఆర్బిట్ ఫైలు (ఉపగ్రహం దారి కచ్చిత వివరాలు) పెట్టి, థర్మల్ నాయిస్ (రాడార్ పరికరం సొంత గోల) తీసేయండి. చిత్రంలోని గరుకును నున్నగా చేసే స్పెకిల్ ఫిల్టర్ మాత్రం వద్దు, చిన్న ఓడలు అందులోనే కరిగిపోతాయి.

తర్వాత స్నాప్‌లోనే ఓడల్ని వెతికిపెట్టే ఓషన్ ఆబ్జెక్ట్ డిటెక్షన్. మొదటి చిక్కు నేల మాస్కు (నేలను వెతుకులాట నుంచి తప్పించే పొర) దగ్గరే వస్తుంది. హోప్ ఐలాండ్ ఇసుక మేట కదులుతూ ఉంటుంది, పాత ఎత్తుల డేటాతో వేసిన మాస్కు దాని అంచుల్ని సముద్రంలో వదిలేస్తుంది. అక్కడ ఓడలు వరస కట్టినట్టు దొంగ చుక్కలు పడతాయి. తీరరేఖను కొన్ని పిక్సెళ్లు సముద్రంలోకి జరిపితే జెట్టీ పక్క ఓడలూ పోతాయి కాబట్టి, మేట చుట్టూ పాలిగాన్ చేత్తో గీసుకోవడమే మేలు.

ఓడకు, దాని చుట్టూ వదిలేసే జాగాకు, పోల్చే నీటికి విండోలు వరసగా 50, 500, 800 మీటర్లుగా ముందే ఉంటాయి, అలాగే ఉంచండి. ప్రతి పిక్సెల్‌నీ చుట్టూ ఉన్న నీటి వెలుగుతో పోల్చడమే ఇక్కడి కిటుకు. లంగరు చోట ఓడలు దగ్గరదగ్గరగా ఉంటే పక్క ఓడ ఆ నీటి వలయంలో పడి, ఓడగా లెక్కించే వెలుగు హద్దును పెంచేస్తుంది, చిన్నది తప్పిపోతుంది. అలాంటి చోట పీఎఫ్‌ఏను (దొంగ చుక్కల్ని ఎంత గట్టిగా ఆపాలో చెప్పే అంకె, తగ్గిస్తే హద్దు దిగుతుంది) 6.5 నుంచి 5కి దించి, వచ్చిన చుక్కల్ని ఒక్కొక్కటిగా కంటితో చూడండి. కనీస పొడవు 50 మీటర్ల నుంచి 30కి తగ్గించొచ్చు, అంతకంటే కిందకి వద్దు. ఫైబర్ తెప్పలు ఈ చిత్రంలో దొరకవు.

పెద్ద ఓడ చుక్క ప్లస్ గుర్తులా సాగితే అది సైడ్‌లోబ్ (బలమైన ప్రతిధ్వని పక్కలకు చిందిన వెలుగు), దాన్ని కలిపి పొడవు కొలవకండి. రాడార్ వైపు 10 నాట్ల వేగంతో వెళ్లే ఓడ, ఉపగ్రహం సాగే దారి వెంట సుమారు 350 మీటర్లు జరిగి కనిపిస్తుంది. దాని నురగ గీత మాత్రం అసలు చోటే ఉంటుంది. అందుకే ఏఐఎస్‌తో (ఓడలు తమ చోటు చెబుతూ పంపే రేడియో సంకేతాలు) పోల్చేటప్పుడు 500 మీటర్ల వరకు తేడా ఒప్పుకోవాలి.

కేజీ బేసిన్ చమురు వేదికలూ ఓడల్లాగే మెరుస్తాయి. 12 రోజుల తర్వాతి చిత్రం పక్కన పెట్టి, కదలని చుక్కల్ని కొట్టేయండి.