గింప్‌లో ఫొటోలు దిద్దేటప్పుడు వచ్చే సమస్యలు, వాటి కారణాలు, పరిష్కారాలు

ఫొటోలు దిద్దడం కొత్తగా మొదలుపెట్టినవారిలో చాలామంది, ఫొటో బాగా లేదనిపించగానే బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్, శాచురేషన్ (రంగుల గాఢత) స్లైడర్లను ఒకదాని తర్వాత ఒకటి జరుపుతూ పోతారు. లోపానికి కారణం తెలుసుకోకుండా జరిపిన ప్రతి స్లైడరూ ఇంకో లోపాన్ని తెచ్చిపెడుతుంది. అందుకే ఈ వ్యాసంలో ముందు కంటికి కనిపించే లక్షణాన్ని, తర్వాత దాని కారణాన్ని, ఆ తర్వాతే పరిష్కారాన్ని చెబుతున్నాను. ఉదాహరణలకు ఉచితంగా దొరికే ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ గింప్‌ను తీసుకున్నాను. ఇది విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. వేరే సాఫ్ట్‌వేర్ వాడేవారికి మెనూల పేర్లు కొంత మారుతాయి కానీ కారణాలు మారవు.

పని మొదలుపెట్టే ముందు అసలు ఫైలుకు కాపీ తీసుకుని, ఆ కాపీనే తెరవాలి. 2025 మార్చిలో వచ్చిన గింప్ 3.0 నుంచి చాలా ఫిల్టర్లు లేయర్‌పై (ఫొటోలో ఒకదానిపై ఒకటి పరుచుకునే పొరపై) విడిగా నిలిచి ఉంటాయి కనుక వాటిని తర్వాత కూడా మార్చుకోవచ్చు. అయినా అసలు ఫైలును ముట్టుకోకపోవడమే క్షేమం.

ముఖం చీకటిగా ఉంది, వెనక అంతా వెలుతురుగా ఉంది

కిటికీకో, సాయంత్రపు ఎండకో వీపు పెట్టి నిలబడిన మనిషిని తీసినప్పుడు ఇలా జరుగుతుంది. కెమెరా ఫ్రేమంతటి వెలుతురునూ లెక్కగట్టి ఎక్స్‌పోజర్ (లోపలికి ఎంత వెలుగు తీసుకోవాలో) నిర్ణయిస్తుంది కాబట్టి, వెనకాల వెలుగు ఎక్కువగా ఉంటే మొత్తం ఫొటోను తగ్గించి తీస్తుంది, దాంతో ముఖం చీకట్లో పడుతుంది. దీనికి బ్రైట్‌నెస్ స్లైడర్‌ను పెంచితే ముఖంతో పాటు అప్పటికే వెలిగిపోతున్న గోడ, ఆకాశం కూడా పాలిపోతాయి. ముదురుగా ఉండాల్సిన జుట్టు బూడిదరంగుకు తిరుగుతుంది.

ముందుగా 'కలర్స్' మెనూలో 'లెవెల్స్' తెరవాలి. అక్కడ కనిపించే కొండలాంటి గ్రాఫ్‌నే హిస్టోగ్రామ్ అంటారు. దాని ఎడమ చివర 0, అంటే పూర్తి నలుపు. కుడి చివర 255, అంటే పూర్తి తెలుపు. గ్రాఫ్ కింద మూడు త్రికోణాలుంటాయి. చివరి రెండింటినీ కదపకుండా మధ్య త్రికోణాన్ని కొద్దిగా ఎడమకు జరిపితే, నలుపు నలుపుగా, తెలుపు తెలుపుగా ఉంటూనే మధ్యస్థాయి వెలుగులు పెరుగుతాయి. ముఖం సాధారణంగా ఈ మధ్యస్థాయిలోనో, దానికి కాస్త దిగువనో ఉంటుంది. అదే మెనూలోని 'షాడోస్ హైలైట్స్' కూడా నీడలను మాత్రమే పైకి తెస్తుంది, అయితే దాన్ని ఎక్కువగా జరిపితే మనిషి చుట్టూ వెలుగు అంచు ఏర్పడుతుంది.

ముఖం ఒక్కటే వెలగాలంటే లేయర్ మాస్క్ మంచి మార్గం. లేయర్‌ను డూప్లికేట్ చేసి, పై లేయర్‌ను ముఖానికి సరిపోయేంత వెలిగించి, దానికి నల్ల మాస్క్ చేర్చాలి. నల్ల మాస్క్ ఆ లేయర్‌ను పూర్తిగా దాచేస్తుంది. ఇప్పుడు అంచులు మెత్తగా ఉన్న బ్రష్ తీసుకుని, ఒపాసిటీని (పూత మందాన్ని) 30 దాకా తగ్గించి, మాస్క్‌పై ముఖం ఉన్న చోట తెల్లరంగు పూస్తూ పోతే వెలుగు కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. ఎక్కువైన చోట నల్లరంగు పూస్తే వెనక్కి పోతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. ముఖానికి వెలుతురు తేవడం వేరు, మనిషి రంగు మార్చడం వేరు. చామనఛాయలో ఉన్న మనిషిని తెల్లగా చేసి ఇవ్వడం దిద్దుబాటు కాదు, ఆ మనిషిని ఫొటోలోంచి తీసేయడమే. మెడ, చేతులు, ముఖం ఒకే ఛాయలో ఉన్నాయో లేదో చూసుకుంటే హద్దు దాటామో లేదో తెలిసిపోతుంది.

ఆకాశం, పట్టుచీర జరీ తెల్లటి మచ్చల్లా ఉన్నాయి

హిస్టోగ్రామ్ కుడి గోడకు ఆనుకుని నిలువుగా లేచి ఉంటే, ఆ భాగంలోని పిక్సెళ్లన్నీ 255కు చేరి ఆగిపోయాయని అర్థం. అక్కడ వివరం దాగి లేదు, ఫొటో తీసినప్పుడే పోయింది. జేపెగ్ ఫైలులో దాన్ని తిరిగి తేవడం సాధ్యం కాదు. వెలుగు తగ్గిస్తే తెల్లమచ్చ బూడిదమచ్చగా మారుతుందంతే. రా ఫైలు (కెమెరా సెన్సర్ నమోదు చేసిన ముడి సమాచారం) ఉంటే మాత్రం కొంత వివరం వెలికి తీయవచ్చు. తర్వాతిసారి తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి తీయడమే దీనికి సరైన మందు, ఎందుకంటే నీడలో పడిన వివరాన్ని చాలావరకు పైకి తేగలం.

ఫంక్షన్ హాల్లో తీసిన ఫొటోలన్నీ పసుపుపచ్చగా ఉన్నాయి

ఫిలమెంట్ బల్బుల వెలుగు, దాన్ని పోలిన అలంకరణ దీపాల వెలుగు సుమారు 2700 నుంచి 3000 కెల్విన్ దగ్గర ఉంటుంది. పగటి వెలుగు సుమారు 5500 కెల్విన్. కెల్విన్ అనేది వెలుగు రంగుకు కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపుగా ఉంటుంది. మన కన్ను ఈ తేడాను తనంతట తానే సర్దుకుంటుంది, కెమెరా మాత్రం ఒక్కోసారి పొరబడుతుంది. 'లెవెల్స్' డైలాగ్‌లో కనిపించే మూడు డ్రాపర్లలో మధ్యది, అంటే బూడిదరంగును ఎంచేది, తీసుకుని ఫొటోలో నిజంగా బూడిదరంగులో ఉండాల్సిన వస్తువుపై నొక్కితే మిగతా రంగులన్నీ దాని ప్రకారం సర్దుకుంటాయి. స్టీలు కుర్చీ కాలు, సిమెంటు గోడ, నీడలో పడిన తెల్లపంచె మడత దీనికి పనికొస్తాయి. బాగా వెలిగిపోయిన తెలుపుపై నొక్కితే ఫలితం సరిగా రాదు. ఒకచోట నొక్కి చూసి, నచ్చకపోతే ఇంకోచోట నొక్కవచ్చు.

'ఆటో' మెనూలోని 'వైట్ బ్యాలెన్స్' ఒక్క నొక్కుతో పని అయిపోయేలా కనిపించినా, దాని పనితీరు తెలిస్తేనే వాడాలి. ఫొటోలోని రంగులన్నీ కలిసి ఏర్పడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్లు ఒక్కోదానిలో రెండు చివర్లా అతి తక్కువ పిక్సెళ్లు, అంటే 0.05 శాతం మాత్రమే, ఉన్న భాగాన్ని వదిలేసి, మిగిలినదాన్ని 0 నుంచి 255 దాకా సాగదీస్తుంది. ఫొటోలో తెలుపు, నలుపు, అన్ని రంగులూ తగుపాళ్లలో ఉంటే ఇది చక్కగా పనిచేస్తుంది. కానీ పెళ్లికూతురిని చేసేనాటి ఫొటో తీసుకోండి. ఒంటికి పసుపు, పసుపురంగు చీర, వెనక బంతిపూల దండలు ఉంటాయి. అక్కడ పసుపుదనం లోపం కాదు, అదే ఆనాటి అసలు రంగు. సాఫ్ట్‌వేర్‌కు అది తెలియదు కనుక నీలం చానెల్‌ను సాగదీసి, పసుపును వెలవెలబోయేలా చేస్తుంది, నీడలు నీలంగా మారుతాయి. ఇలాంటి ఫొటోలకు ఆటో వాడకుండా 'కలర్ టెంపరేచర్'ను చాలా కొద్దిగా జరిపి, కంటి తెల్లగుడ్డును, పళ్లను చూస్తూ ఆపాలి.

రంగులు పెంచితే పూల రేకులు కలిసిపోయి ముద్దగా మారాయి

శాచురేషన్ పెంచినప్పుడు ఎర్రగా, నారింజగా ఉన్న భాగాల్లో ఎరుపు చానెల్ ముందుగా 255ను తాకుతుంది. అప్పటిదాకా రేకు రేకుకూ మధ్య ఉన్న చిన్న తేడాలన్నీ ఒకే అంకెకు చేరి చెరిగిపోతాయి. బంతిపూలు, కుంకుమ, ఎర్రటి పట్టు ఈ విషయంలో చాలా సున్నితమైనవి. 'హ్యూ శాచురేషన్'లో అన్ని రంగులనూ కలిపి పెంచకుండా, కావలసిన ఒక్క రంగును ఎంచుకుని పెంచాలి. ఎరుపును ముట్టుకోకుండా ఆకుల పచ్చదనాన్ని ఒక్కదాన్నే పెంచినా ఫొటోకు చాలినంత నిగారింపు వస్తుంది.

బ్రష్ ఎంత గీసినా ఏమీ పడటం లేదు

గింప్ మొదలుపెట్టినవారు దీనితోనే ఎక్కువగా విసిగిపోతారు. సాఫ్ట్‌వేర్ పాడైందని అనుకోనక్కర్లేదు. దాదాపు ఎప్పుడూ మొదటి కారణం ఇదివరకు చేసి మరిచిపోయిన సెలక్షన్, అంటే ఫొటోలో ఎంచి పెట్టిన భాగం. సెలక్షన్ ఉన్నంతసేపూ దాని బయట రంగు పూసే ఏ టూలూ పనిచేయదు, జూమ్ చేసి ఉంటే ఆ చుక్కల గీత కంటికి కనిపించదు. 'సెలెక్ట్' మెనూలో 'నన్' నొక్కితే పోతుంది. అప్పటికీ గీత పడకపోతే లేయర్ల జాబితా చూడాలి. ఎంచుకున్న లేయర్ వేరేది కావచ్చు, పైన ఇంకో లేయర్ దాన్ని కప్పి ఉండవచ్చు, లేయర్‌కు బదులు మాస్క్ ఎంపికై ఉండవచ్చు, తాళం గుర్తు పెట్టి ఉండవచ్చు. ఇక ఇరేజర్‌తో చెరిపితే వెనకభాగం పారదర్శకం కాకుండా తెల్లగా వస్తోందంటే, ఆ లేయర్‌కు ఆల్ఫా చానెల్ (పారదర్శకతను నిలిపి ఉంచేది) లేదని అర్థం. 'లేయర్' మెనూలోని 'ట్రాన్స్‌పరెన్సీ'లో దాన్ని చేర్చుకోవాలి.

ఫొటో మసకగా ఉంది, షార్ప్ చేస్తే గరుకుగా మారింది

మసకకు కారణాలు వేర్వేరు. ఫొటోను నూరు శాతం జూమ్‌లో చూస్తే ఏది ఏదో తెలుస్తుంది. మనిషి ముఖం మసకగా ఉండి వెనక గోడ స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పింది. అన్నీ ఒకే దిక్కుకు సాగినట్లుంటే తీసేటప్పుడు చెయ్యి కదిలింది. ఈ రెండింటినీ షార్పెన్ ఫిల్టర్ బాగుచేయలేదు, అది అంచుల దగ్గర వెలుగునీడల తేడాను పెంచుతుందే తప్ప లేని వివరాన్ని పుట్టించదు. ఫొటో ఉన్నంతలో స్పష్టంగానే ఉండి కొద్దిగా మెత్తగా కనిపిస్తే మాత్రం 'అన్‌షార్ప్ మాస్క్' పనికొస్తుంది. రేడియస్ మొదట 3 ఉంటుంది, దాన్ని 1 దగ్గరికి తగ్గించి, అమౌంట్‌ను 0.5 దగ్గర ఉంచి మొదలుపెట్టాలి. అంచుల వెంట తెల్లటి గీతలు కనిపించాయంటే ఎక్కువైనట్లే.

రాత్రి తీసిన ఫొటోల్లో గరుకుదనం షార్ప్ చేయడంతో ఇంకా పైకి వస్తుంది. ముందుగా 'నాయిస్ రిడక్షన్' కొద్దిగా వాడి, ఆ తర్వాత సైజు మార్చి, షార్పెన్‌ను చిట్టచివర ఉంచాలి.

గుడి గోపురం వెనక్కి ఒరిగిపోయినట్లు ఉంది

కింద నిలబడి కెమెరాను పైకెత్తి తీస్తే గోపురం పైకి పోయేకొద్దీ సన్నబడి వెనక్కి వాలినట్లు వస్తుంది. గోపురాలు సహజంగానే పైకి సన్నబడతాయి కనుక వాటి అంచులను నమ్మి సరిచేయకూడదు. పక్కనున్న ధ్వజస్తంభాన్నో, ప్రాకారపు స్తంభాన్నో నిలువుకు కొలతగా పెట్టుకోవాలి. 'పర్‌స్పెక్టివ్' టూల్‌తో పై మూలలను కొద్దిగా బయటికి లాగి, అంచుల్లో మిగిలిన ఖాళీని క్రాప్ చేయాలి. ఫొటో మొత్తం ఒక పక్కకు ఒరిగి ఉంటే అంత శ్రమ అవసరం లేదు. 'మెజర్' టూల్‌తో నేలగీత వెంట ఒక గీత గీసి 'స్ట్రెయిటెన్' నొక్కితే చాలు.

సేవ్ చేసిన ఫైలు ఫోన్‌లో తెరుచుకోవడం లేదు, దరఖాస్తుకు ఎక్కడం లేదు

గింప్‌లో 'సేవ్' నొక్కితే వచ్చేది ఎక్స్‌సీఎఫ్ ఫైలు. లేయర్లు, మాస్కులతో సహా పని మొత్తాన్ని అది దాచుకుంటుంది, మళ్లీ దిద్దడానికి అదే కావాలి. ఇతరులకు పంపడానికి 'ఎక్స్‌పోర్ట్ యాజ్' వాడి జేపెగ్‌గా తీయాలి. జేపెగ్ ఫొటోను 8×8 పిక్సెళ్ల గడులుగా విడగొట్టి కొంత సమాచారాన్ని వదిలేస్తుంది కాబట్టి, దాన్నే తెరిచి, దిద్ది, మళ్లీ మళ్లీ జేపెగ్‌గా తీస్తూ పోతే అక్షరాల చుట్టూ, అంచుల చుట్టూ మరకలు పేరుకుంటాయి.

ఉద్యోగ దరఖాస్తుల్లో ఫొటో 3.5 × 4.5 సెంటీమీటర్లు, 20 నుంచి 50 కేబీ లోపల ఉండాలని తరచుగా అడుగుతారు. ఇక్కడ చాలామంది పెద్ద ఫొటోను అలాగే ఉంచి క్వాలిటీని 10కి తగ్గిస్తారు, ముఖం గడులు గడులుగా విరిగిపోతుంది. కారణం క్వాలిటీ కాదు, పిక్సెళ్ల సంఖ్య. 'క్రాప్' టూల్‌లో నిష్పత్తిని 35:45గా బిగించి కత్తిరించి, 'స్కేల్ ఇమేజ్'లో 413 × 531 పిక్సెళ్లకు తగ్గించాలి. 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్లు) దగ్గర 3.5 × 4.5 సెంటీమీటర్లకు వచ్చే లెక్క అదే. ఎక్స్‌పోర్ట్ డైలాగ్‌లో ప్రివ్యూను ఆన్ చేస్తే ఫైలు సైజు అక్కడే కనిపిస్తుంది. థంబ్‌నెయిల్ (చిన్న నమూనా బొమ్మ), ఎగ్జిఫ్ (తేదీ, కెమెరా వంటి వివరాలు) సమాచారాలను తీసేసి, క్వాలిటీని 80 నుంచి 90 మధ్య ఉంచితే సాధారణంగా హద్దులో సరిపోతుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది మళ్లీ కుదిస్తుంది, అందుకే స్టూడియోకు పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపాలి.

ఫొటోపై తెలుగు రాస్తే ఒత్తులు విడిపోతున్నాయి

తెలుగులో ఒత్తులు, గుణింతాలు కూడేటప్పుడు అక్షరాల రూపం మారుతుంది, ఆ కూర్పు తెలిసిన సాఫ్ట్‌వేరే వాటిని సరిగా చూపగలదు. గింప్‌లో యూనికోడ్ తెలుగు ఫాంట్ ఎంచుకుంటే ఈ సమస్య రాదు. విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐ, పాత విండోస్‌తో వచ్చిన గౌతమి, ఉచితంగా దొరికే మండలి, రామభద్ర వంటివి చాలు. పాత ఫొటోషాప్‌లో మాత్రం ప్రిఫరెన్సెస్‌లోని 'టైప్' విభాగంలో 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్' ఎంచుకుని, కొత్త టెక్స్ట్ లేయర్‌లో రాయాలి.

తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తే కారణం వేరు. డీటీపీ సెంటర్లలో వాడే అను ఫాంట్లు యూనికోడ్‌వి కావు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను ఉంచుతాయి. అక్కడ టైపు చేసిన పాఠాన్ని యూనికోడ్‌కు కన్వర్టర్‌తో మార్చుకున్నాకే అతికించాలి.

ప్రింట్‌లో తలలు తెగాయి, ఫొటో ముదురుగా వచ్చింది

ఫోన్ ఫొటో నిష్పత్తి సాధారణంగా 4:3, స్టూడియోలో అడిగే 4×6 కాగితం నిష్పత్తి 3:2. 4000 × 3000 ఫొటో ఆ కాగితంలో నిండాలంటే పైనా కిందా కలిపి 333 పిక్సెళ్లు, అంటే ఎత్తులో తొమ్మిదో వంతు, పోవాలి. ఏది పోవాలో మెషీన్ నిర్ణయించకముందే మనమే 3:2గా క్రాప్ చేసి ఇవ్వాలి. ఆ సైజుకు 1800 × 1200 పిక్సెళ్లుంటే ముద్రణ స్పష్టంగా వస్తుంది.

ముదురుగా రావడానికి కారణం ఎక్కువగా ఫైలులో ఉండదు, తెరలో ఉంటుంది. తెర వెలుతురును పూర్తిగా పెంచి దిద్దితే, ఫొటో నిజానికి ఉన్నదానికంటే ప్రకాశవంతంగా కనిపించి, మనం తెలియకుండానే దాన్ని తగ్గిస్తాం. తెర వెలుతురును సగానికి తగ్గించి, ఎదురుగా ఎండ పడని చోట కూర్చుని దిద్దాలి, ఫైలును ఎస్‌ఆర్‌జీబీలోనే (తెరలు, ప్రింటర్లు సాధారణంగా వాడే రంగుల పద్ధతిలోనే) ఉంచాలి. ఆల్బమ్ మొత్తం ఇచ్చే ముందు ముదురు రంగు బట్టలున్న ఫొటో ఒకటి, తెల్లబట్టలున్న ఫొటో ఒకటి ప్రింట్ తీయించి, పగటి వెలుగులో తెర పక్కన పెట్టి చూసుకుని, తేడా ఉన్నంత మేరకు 'లెవెల్స్'లో మధ్య త్రికోణాన్ని సర్దుకోవాలి.