ట్యాబ్ నిండిపోయిందా? ఫోటోల జోలికి పోకుండా ముందు యాప్‌లు తీసేయండి

ట్యాబ్‌లో స్టోరేజ్ నిండిందని మెసేజ్ రాగానే మన ఇళ్లల్లో ముందుగా చేసే పని ఫోటోలు తీసేయడం. దయచేసి ఆ పని చేయకండి. పాప అన్నప్రాశన ఫోటో ఒకసారి పోతే మళ్లీ రాదు. ఎవరూ ఆడని గేమ్ తీసేస్తే, కావాల్సి వచ్చిన రోజు ప్లే స్టోర్ నుంచి మళ్లీ వేసుకోవచ్చు. పైగా వంద ఫోటోలు తీసినా ఖాళీ అయ్యేది మూడు నాలుగు వందల ఎంబీ. పెద్ద గేమ్ ఒక్కటి తీస్తే రెండు మూడు జీబీ ఖాళీ అవుతుంది.

నేను గుంటూరు బ్రాడీపేటలో మా ఇంట్లోనే హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతాను. పిల్లలు తెచ్చే ట్యాబ్‌లు చాలావరకు అన్నయ్యో అక్కయ్యో ఇంటర్‌లో వాడి వదిలేసినవి. నేను పంపిన వర్క్‌షీట్ డౌన్‌లోడ్ కాదు, వాట్సాప్‌లో వచ్చిన నోట్స్ తెరుచుకోదు. కొత్త ట్యాబ్ కొనాలేమోనని తల్లిదండ్రులకు టెన్షన్. చాలాసార్లు ఆ అవసరమే ఉండదు. అప్పుడు నేను పిల్లలచేత దగ్గరుండి చేయించే పద్ధతి ఇది.

ముందు సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరవండి. శాంసంగ్ అయితే డివైస్ కేర్ లోపల ఉంటుంది. యాప్‌లకు ఎంత పోయింది, వీడియోలకు ఎంత, సిస్టమ్‌కు ఎంత అన్నది విడివిడిగా చూపిస్తుంది. డబ్బా మీద 32 జీబీ అని ఉన్నా అందులో పెద్ద వాటా సిస్టమే తీసేసుకుంటుంది. అది మనం కదిలించలేం, దాని గురించి బాధపడి లాభం లేదు. యాప్స్ పక్కన ఉన్న అంకె చూసుకుని ముందుకు వెళ్లండి.

ఇప్పుడు ప్లే స్టోర్ తెరిచి, పైన కుడివైపున్న మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కండి. మేనేజ్ యాప్స్ అండ్ డివైస్ అని ఉంటుంది. అందులో మేనేజ్ అనే భాగంలోకి వెళితే ట్యాబ్‌లో ఉన్న యాప్‌లన్నీ వరుసగా కనిపిస్తాయి. వరుస మార్చే గుర్తు నొక్కి ముందు సైజు ప్రకారం, తర్వాత తక్కువ వాడినవి ముందు వచ్చేలా చూడండి. రెండు జాబితాల్లోనూ పైన ఉన్న యాప్ ఏదో, మొదట తీయాల్సింది అదే. పక్కనున్న గళ్లలో టిక్ పెట్టి, చెత్తబుట్ట గుర్తు నొక్కితే అన్నీ ఒకేసారి పోతాయి. హోమ్ స్క్రీన్ మీద ఐకాన్లు చూసి ఏరడం కంటే ఇది చాలా నయం. ఎందుకంటే అసలు జాగా తినే యాప్ చాలాసార్లు హోమ్ స్క్రీన్ మీద ఉండనే ఉండదు. ఐకాన్‌ను అక్కడి నుంచి తీసినంత మాత్రాన యాప్ పోదని కూడా పిల్లలకు చెప్పాలి.

టిక్ పెట్టే ముందు మాత్రం ఒక్క క్షణం ఆగండి. ట్యాబ్ ఇంట్లో అందరిదీ. మొన్న తొమ్మిదో తరగతి పిల్లాడి ట్యాబ్ చూస్తుంటే జాబితాలో మొట్టమొదట ఒక కోచింగ్ యాప్, ఐదు జీబీకి పైగా. తీసేద్దామా అంటే, "వద్దు టీచర్, అది అన్నయ్యది, తీస్తే చంపేస్తాడు" అన్నాడు. "ఒకసారి ఫోన్ చేసి అడగరా" అన్నాను. వాళ్లన్నయ్య ఇంజనీరింగ్‌లో చేరి ఏడాది దాటింది. ఆ యాప్ ఉందన్న సంగతే మరిచిపోయాడు. సైజు మీద నొక్కి లోపల చూస్తే యాప్ నూట యాభై ఎంబీ కూడా లేదు, మిగతాదంతా ఎప్పుడో డౌన్‌లోడ్ చేసుకున్న ఫిజిక్స్ వీడియోలు. అందుకే ప్రతి యాప్‌కూ సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి, దాని పేజీలో స్టోరేజ్ నొక్కి చూడమంటాను. యాప్ ఎంత, డేటా ఎంత, క్యాష్ (యాప్ దాచుకునే తాత్కాలిక ఫైళ్లు) ఎంత అని మూడు అంకెలు వస్తాయి. డేటా పెద్దదై, యాప్ ఇంకా వాడుతున్నదైతే తీయక్కర్లేదు. ఆ యాప్ తెరిచి, లోపల డౌన్‌లోడ్స్‌లో పాత వీడియోలు తీసేస్తే సరిపోతుంది.

అక్కడే రెండు బటన్లు ఉంటాయి, వాటి తేడా తెలియాలి. క్లియర్ క్యాష్ నొక్కితే తాత్కాలిక ఫైళ్లు మాత్రమే పోతాయి, భయం లేదు. కాకపోతే యాప్ వాడేకొద్దీ అవి మళ్లీ చేరతాయి. క్లియర్ డేటా, కొన్నింట్లో క్లియర్ స్టోరేజ్ అని ఉంటుంది. అది నొక్కితే యాప్ కొత్తగా వేసినట్టే అయిపోతుంది. లాగిన్ పోతుంది, డౌన్‌లోడ్‌లు పోతాయి. వాట్సాప్ మీద ఆ రెండో బటన్ ఎప్పుడూ నొక్కకండి, బ్యాకప్ లేకపోతే చాట్‌లన్నీ పోతాయి. వాట్సాప్ బరువు తగ్గించాలంటే దాని సెట్టింగ్స్‌లోనే స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ ఉంది. ఏ గ్రూపు ఎంత తింటోందో చూపిస్తుంది. గుడ్ మార్నింగ్ వీడియోలు అక్కడే దొరుకుతాయి.

డబ్బు సంగతి ఇంకా ముఖ్యం. యాప్ తీసేస్తే నెలనెలా కట్టే చందా ఆగదు. ఈ ఒక్క మాట తెలియక డబ్బులు పోగొట్టుకునే వాళ్లున్నారు. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి, ముందు చందా రద్దు చేసి, ఆ తర్వాత యాప్ తీయండి. యూపీఐ ఆటోపేతో కట్టేది అయితే అది ప్లే స్టోర్‌లో కనిపించకపోవచ్చు. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోట ఉంటుంది, అక్కడ ఆపాలి. గేమ్ అయితే పిల్లల్ని అడిగి, అకౌంట్‌తో లాగిన్ అయి ఉన్నారో లేదో చూడండి. లాగిన్ లేని గేమ్ తీస్తే చాలావాటిలో ఆడిన లెవెల్స్ తిరిగి రావు. మనకు చిన్న విషయం, వాళ్లకు కాదు.

తీయాలో వద్దో తేలకపోతే ఆర్కైవ్ చేయండి. ప్లే స్టోర్ 2023లో ఈ సౌకర్యం తెచ్చింది. యాప్‌లో చాలా భాగం పోతుంది, మీ డేటా, ఐకాన్ ఉంటాయి. గూగుల్ లెక్క ప్రకారం యాప్ తీసుకున్న జాగాలో దాదాపు 60 శాతం వరకు ఖాళీ అవుతుంది. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో జనరల్ కింద దీన్ని ఆన్ చేసి ఉంచితే, జాగా తక్కువైనప్పుడు వాడని యాప్‌లను అదే ఆర్కైవ్ చేస్తుంది. మళ్లీ ఐకాన్ నొక్కితే డౌన్‌లోడ్ అవుతుంది. ఐప్యాడ్‌లో దీన్నే ఆఫ్‌లోడ్ అంటారు. సెట్టింగ్స్, జనరల్, ఐప్యాడ్ స్టోరేజ్‌లోకి వెళితే ప్రతి యాప్ కిందా చివరిసారి ఎప్పుడు వాడారో కూడా ఉంటుంది. పైన చెప్పిన కోచింగ్ యాప్ లాంటి దానికి మాత్రం ఇది పనికిరాదు, ఎందుకంటే బరువంతా డేటాలో ఉంది, అది అలాగే ఉండిపోతుంది.

ట్యాబ్‌తో పాటే వచ్చిన కొన్ని యాప్‌లకు అన్‌ఇన్‌స్టాల్ ఉండదు, డిసేబుల్ అని ఉంటుంది. నొక్కితే ఆ యాప్ పనిచేయడం ఆగిపోతుంది, కొన్ని ట్యాబ్‌లలో దాని అప్‌డేట్లు, డేటా కూడా పోతాయి. అసలు యాప్ సిస్టమ్‌లోనే ఉండిపోతుంది కాబట్టి పెద్దగా జాగా రాదు. పేరు తెలియని సిస్టమ్ యాప్‌ల జోలికి వెళ్లకండి. బడి వాళ్లు లాక్ చేసి ఇచ్చిన ట్యాబ్ అయితే ఏదీ గెలకకుండా స్కూల్లోనే అడగండి.

మా పక్కింటి పిన్నిగారి ట్యాబ్‌లో పంచాంగం యాప్‌లే మూడు, టార్చ్ యాప్ ఒకటి, క్లీనర్ యాప్‌లు రెండు ఉండేవి. "ఏది తీయాలమ్మా?" అని అడిగారు. ఆవిడ రోజూ తిథి చూసుకునే పంచాంగం ఒక్కటి ఉంచి మిగతావి తీసేశాం. క్లీనర్‌లు మాత్రం ఎవరింట్లో కనిపించినా ముందు తీయమనే చెబుతాను. ట్యాబ్ వేగం పెంచుతామంటూ ప్రకటనలు చూపిస్తూ అవే జాగా తింటాయి. ఆ పనికి గూగుల్ వారి ఫైల్స్ యాప్ చాలు. ఒకే ఫైలు రెండుసార్లు ఉంటే చెబుతుంది, డౌన్‌లోడ్స్‌లో మిగిలిన పాత ఏపీకే ఫైళ్లనూ (యాప్‌లు వేయడానికి వాడేవి) చూపిస్తుంది. ఒకవేళ ఏదైనా యాప్ ఎంత నొక్కినా పోవట్లేదంటే, సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద డివైస్ అడ్మిన్ యాప్స్ చూడండి, ట్యాబ్ మీద ప్రత్యేక అధికారం ఉన్న యాప్‌ల జాబితా అది. అక్కడ దాని టిక్ తీసేశాక అన్‌ఇన్‌స్టాల్ అవుతుంది. మీరు వేయనిది, ట్యాబ్‌తో పాటు రానిది ఏదైనా ఆ జాబితాలో ఉంటే వెంటనే తీసేయాల్సిందే.

అంతా అయ్యాక ఫైల్స్‌లో ట్రాష్ ఒకసారి ఖాళీ చేసి, ట్యాబ్ రీస్టార్ట్ చేసి, మళ్లీ స్టోరేజ్ చూడండి. మూడు నాలుగు జీబీ ఖాళీ ఉంటే పిల్లల చదువుకు ఇబ్బంది ఉండదు. తీసేసిన దాంట్లో ఏదైనా మళ్లీ కావాల్సి వచ్చి పేరు గుర్తు రాకపోతే, ప్లే స్టోర్‌లో అదే మేనేజ్ భాగంలో ఇన్‌స్టాల్డ్ అని ఉన్నచోట నొక్కి నాట్ ఇన్‌స్టాల్డ్‌కు మార్చండి. ఆ అకౌంట్‌తో ఇదివరకు వేసిన యాప్‌లన్నీ అక్కడ ఉంటాయి.