పొట్టి వీల్‌బేస్, పొడవు వీల్‌బేస్: ఆఫ్‌రోడ్‌లో బండి ఎక్కడ తగిలిందో చూసి కారణం తేల్చడం

ఆఫ్‌రోడ్‌కు వాడే వాహనానికి టైర్లు మార్చవచ్చు, సస్పెన్షన్ ఎత్తు పెంచవచ్చు, బంపర్ కోయించవచ్చు. ముందు ఇరుసు మధ్య నుంచి వెనుక ఇరుసు మధ్య వరకు ఉండే దూరాన్ని, అంటే వీల్‌బేస్‌ను, మాత్రం కొన్న తరువాత మార్చడం దాదాపు కుదరని పని. అందువల్ల దారిలో ఎదురైన ప్రతి ఇబ్బందినీ వీల్‌బేస్ ఖాతాలో వేయకుండా, దాని వల్ల వచ్చినవేవో, వేరే కారణాల వల్ల వచ్చినవేవో ముందుగా విడదీసుకోవాలి. "ఈ బండి మరీ పొడవు, అమ్మేస్తాను" అన్నవారి వాహనం కింద చూస్తే, గీతలన్నీ వెనుక టోబార్ (ట్రైలర్‌ను తగిలించే కడ్డీ) మీదే ఉన్న సందర్భాలు నాకు ఎదురయ్యాయి. టోబార్ నేలకు రాసుకోవడానికి వీల్‌బేస్‌తో సంబంధం లేదు.

పొట్టి, పొడవు అన్న మాటలకు కొలత ఉండాలి గనుక రెండు ఉదాహరణలు చెప్పుకుందాం. సుజుకి జిమ్నీ మూడు డోర్ల రకానికి వీల్‌బేస్ 2,250 మి.మీ., అయిదు డోర్ల రకానికి 2,590 మి.మీ. జీప్ రాంగ్లర్ జేఎల్ తరంలో రెండు డోర్ల బండికి సుమారు 2,460 మి.మీ., నాలుగు డోర్ల బండికి సుమారు 3,008 మి.మీ. ఒకే పేరు, దాదాపు ఒకే యాంత్రిక నిర్మాణం ఉన్న బండ్లే అయినా, వీటి మధ్య నడకలో ఉండే తేడా దారి చెడిన చోట మాత్రమే బయటపడుతుంది.

ముందుగా చేయవలసిన పరీక్ష

వాహనం అడుగుభాగాన్ని శుభ్రంగా కడిగి ఆరనివ్వాలి. సుద్దపొడిని నీటిలో చిక్కగా కలిపి ముందు బంపర్ కింది అంచుకు, మధ్యలోని స్కిడ్ ప్లేట్లకు (అడుగుభాగాన్ని రాళ్ల నుంచి కాపాడే లోహపు పలకలు), తలుపుల కింది సిల్‌లకు, రెండు డిఫరెన్షియల్ గుండ్లకు (ఇరుసుల మీద ఉండే గేర్ల గుండ్లు), టోబార్‌కు పూయాలి. మీరు తరచుగా వెళ్లే దారిలో, మీరు మామూలుగా మోసే బరువుతోనే, ఒకసారి తిరిగి వచ్చి సుద్ద ఎక్కడ చెరిగిందో చూడాలి. ముందు అంచున చెరిగితే అప్రోచ్ కోణం (ముందు భాగం తగలకుండా ఎక్కగల వాలు) చాలలేదని, వెనుక చెరిగితే డిపార్చర్ కోణం (వెనుక భాగం తగలకుండా దిగగల వాలు) చాలలేదని, డిఫరెన్షియల్ మీద చెరిగితే టైరు వ్యాసం చాలలేదని అర్థం. రెండు ఇరుసుల మధ్యనున్న స్కిడ్ ప్లేట్ల మీదా, సిల్‌ల మీదా చెరిగినప్పుడు మాత్రమే వీల్‌బేస్‌ను అనుమానించాలి. బురదలో ఈ పరీక్ష పనికిరాదు. పొడి నేల మీద చేయాలి.

లక్షణం: మిట్ట దాటుతుండగా బండి పొట్ట ఆనుకుని ఆగిపోవడం

పొడవు వీల్‌బేస్ బండ్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే లక్షణం ఇదే. ఒకసారి రెండు గండ్ల మధ్య ఉన్న మట్టి కట్టను నాలుగు డోర్ల బండితో దాటుతున్నాను. ముందు చక్రాలు అవతలికి దిగాయి. రాతి మీద ఇనుప మూకుడు ఈడ్చినట్టు ఒక శబ్దం వచ్చింది. ఆ తరువాత ఇంజిన్ తిరుగుతున్నా బండి కదలలేదు. దిగి, నేల మీద పడుకుని చూస్తే ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ శక్తిని రెండు ఇరుసులకూ పంచే పెట్టె) కింది ప్లేటు కట్ట నెత్తిన కూర్చుని ఉంది, మధ్యలో చెయ్యి దూరే సందు కూడా లేదు. ఎడమ వెనుక టైరు తిరిగి తిరిగి తన కింది మట్టిని గిన్నెలా నున్నగా తొలిచేసింది. మా వెనుక వచ్చిన రెండు డోర్ల బండి అదే కట్టను, అదే కొలత టైర్లతో దాటింది. దాని పొట్ట కింద గడ్డి వంగింది గానీ లోహం మట్టిని తాకలేదు.

కారణం బ్రేకోవర్ కోణం, అంటే పొట్ట తగలకుండా దాటగల మిట్ట వాలు. వీల్‌బేస్ పొడవుతో పోలిస్తే బండి పొట్ట నేల నుంచి ఎంత ఎత్తులో ఉందన్నదే ఈ కోణాన్ని నిర్ణయిస్తుంది. జిమ్నీ రెండు రకాలకూ గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ బండి అడుగుకూ మధ్య ఖాళీ) 210 మి.మీ. మాత్రమే, అయినా మూడు డోర్ల బండికి బ్రేకోవర్ కోణం 28 డిగ్రీలు, అయిదు డోర్ల బండికి 24 డిగ్రీలు. క్లియరెన్స్ అంకె ఒక్కటే చూసి కొనేవారు మోసపోయేది ఇక్కడే.

బండి ఆనుకున్న మరుక్షణం యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయాలి, ఎందుకంటే చక్రం తిరిగే కొద్దీ తన కింది నేలను తవ్వుకుని పొట్టను మరింత గట్టిగా ఆనిస్తుంది. పొట్ట కింది మట్టిని పారతో పక్కలకు లాగి, ఒక్కొక్క చక్రాన్ని జాకీతో లేపి కింద రాళ్లో, చెక్కలో పేర్చి, వచ్చిన దారినే వెనక్కి తీసుకోవాలి. జాకీ మీద నిలిచిన బండి కిందికి తల గానీ చెయ్యి గానీ పెట్టకూడదు. ఇసుక తిన్నె శిఖరాన ఇరుక్కున్నప్పుడు కూడా ఇదే పద్ధతి. అయితే అక్కడ టైర్లలో గాలి తగ్గించడం వల్ల సగం పని తేలికవుతుంది.

మళ్లీ దాటవలసి వచ్చినప్పుడు మిట్టకు రెండు వైపులా రాళ్లు పేర్చి వాలు తగ్గించవచ్చు. లేదా మిట్టను ఏటవాలుగా దాటవచ్చు. అప్పుడు ఒక్కో చక్రం ఒక్కోసారి ఎక్కుతుంది గనుక పొట్టకు కొంత చోటు దొరుకుతుంది. కానీ పక్కవాలు ఉన్న చోట, ముఖ్యంగా ఇసుక తిన్నె మీద, ఏటవాలు దారి బండిని దొర్లించగలదు; అక్కడ నేరుగానే దాటాలి.

శాశ్వత పరిష్కారానికి చిన్న లెక్క ఉంది. 2,250కి, 2,590కి తేడా సుమారు 15 శాతం. ఆ తేడాను పూడ్చాలంటే క్లియరెన్స్ కూడా సుమారు 15 శాతం, అంటే 30 మి.మీ.కు కాస్త ఎక్కువగా పెరగాలి. టైరు వ్యాసం 60 మి.మీ. పెంచితే అందులో సగం, అంటే 30 మి.మీ. మాత్రమే క్లియరెన్స్‌గా దక్కుతుంది. అంత పెద్ద టైరు చక్రపు గూటికి తగలవచ్చు, గేర్లు కూడా బరువెక్కినట్టు అనిపిస్తాయి. అందువల్ల కొంత టైరుతోనూ, కొంత సస్పెన్షన్ లిఫ్ట్‌తోనూ సాధించి, మిగిలినదాన్ని మందమైన స్కిడ్ ప్లేట్లకూ, సిల్‌ల కింద రాక్ స్లైడర్లకూ (రాతి దెబ్బను తట్టుకునే గట్టి ఇనుప కడ్డీలు) వదిలేయడం మేలు. తగలకుండా పోవడమే లక్ష్యం కానక్కరలేదు. తగిలినా జారిపోతే చాలు.

లక్షణం: బంపర్ లేదా టోబార్ మాత్రమే తగలడం

దీనికి కారణం చక్రాలకు బయట వేలాడే భాగం, అంటే ఓవర్‌హ్యాంగ్. పొట్టి బండికి మారినా ఓవర్‌హ్యాంగ్ అంతే ఉంటే గీతలు అలాగే పడతాయి. విప్పడానికి వీలైన టోబార్ అమర్చుకోవడం, ఆఫ్‌రోడ్ బంపర్ వేయించడం, అడుగున వేలాడే స్పేర్ టైరును వెనుక తలుపు మీదికి మార్చడం సరిపోతాయి.

లక్షణం: నిట్టనిలువు ఎక్కుడులో ముందు భాగం తేలికై, స్టీరింగ్ మాట వినకపోవడం

ఇది పొట్టి బండి లక్షణం. ఎక్కుడులో బరువు వెనుక ఇరుసు మీదికి జరుగుతుంది. గురుత్వ కేంద్రం ఎత్తు సమానమైనప్పుడు, వీల్‌బేస్ ఎంత పొట్టిగా ఉంటే ఆ జరుగుడు అంత ఎక్కువ. మెట్టులాంటి రాయి ఎదురైనప్పుడు తేడా ఇంకా స్పష్టం. 600 మి.మీ. ఎత్తున్న మెట్టు మీదికి ముందు చక్రాలు ఎక్కగానే 2,250 మి.మీ. వీల్‌బేస్ బండి సుమారు 15.5 డిగ్రీలు పైకి లేస్తుంది, 3,000 మి.మీ. బండి సుమారు 11.5 డిగ్రీలే లేస్తుంది. ఆ మెట్టు అప్పటికే వాలు మీద ఉంటే, ఆ నాలుగు డిగ్రీల తేడాతో డ్రైవరుకు ముందు అద్దంలోంచి ఆకాశం తప్ప మరేమీ కనిపించని స్థితి వస్తుంది.

దీనికి తోడు పొట్టి బండిలో సామాను పెట్టే చోటు సాధారణంగా వెనుక ఇరుసు మీదో, దాని వెనుకో ఉంటుంది. నీళ్ల డబ్బాలు, పనిముట్ల పెట్టె అక్కడ వేస్తే ముందు చక్రాలు మరింత తేలికవుతాయి. కాబట్టి బరువైన వస్తువులను సీట్ల వెనుక, వీలైనంత కిందికి, ముందుకు జరిపి కట్టాలి. రూఫ్ క్యారియర్ మీద ఏమీ ఉంచకూడదు. లో రేంజ్‌లో (నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే గేర్ల వరుస) తగిన గేరును కిందే ఎంచుకుని, ఊపు కోసం దూకించకుండా, నిలకడగా ఎక్కాలి. ఎక్కలేకపోతే రివర్స్ గేరులో, చక్రాలు తిన్నగా ఉంచి, నేరుగా వెనక్కి దిగాలి. వాలు మధ్యలో బండిని తిప్పబోవడం వీల్‌బేస్ ఏదైనా ప్రాణాపాయమే. పొట్టి బండి సులువుగా తిరుగుతుంది గనుక ఆ ప్రలోభం దానిలో ఎక్కువ.

లక్షణం: దిగుడులో, జారుడు నేల మీద వెనుక భాగం పక్కకు వచ్చేయడం

ఇదీ పొట్టి బండిదే. రెండు ఇరుసుల మధ్య దూరం తక్కువైతే, చిన్న పక్కతోపుకే బండి తన చుట్టూ తాను తిరగడానికి సిద్ధమవుతుంది. అసలు కారణం చాలాసార్లు డ్రైవరు పాదమే: జారగానే బ్రేకును గట్టిగా తొక్కడం వల్ల చక్రాలు బిగుసుకుపోతాయి. లో రేంజ్ మొదటి గేరులో ఇంజిన్ బ్రేకింగ్‌తో (బ్రేకు తొక్కకుండా ఇంజినే వేగాన్ని ఆపేలా) దిగాలి. వెనుక భాగం ఏ పక్కకు జారుతోందో ఆ పక్కకే స్టీరింగ్ తిప్పి, చక్రాలు మళ్లీ పట్టు దొరకబుచ్చుకునేంత స్వల్పంగా యాక్సిలరేటర్ ఇవ్వాలి. చెప్పినంత తేలిక కాదు, కాలు బ్రేకు మీదికే పోతుంది. ఇబ్బంది లేని చిన్న వాలు మీద ముందే సాధన చేయాలి.

లక్షణం: ఇరుకు మలుపులో వెనుక తలుపు చెట్టుకో బండకో రాసుకోవడం

మలుపులో వెనుక చక్రాలు ముందు చక్రాల జాడలో నడవవు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ముందు లోపలి చక్రం 6 మీటర్ల వ్యాసార్థంతో తిరుగుతున్నదనుకుంటే, 2,250 మి.మీ. బండి వెనుక చక్రం దానికంటే సుమారు 44 సెం.మీ. లోపలికి వస్తుంది, 3,000 మి.మీ. బండిలో అది సుమారు 80 సెం.మీ. రాసుకున్న జాడ లోపలి వెనుక తలుపు మీద ఉంటే కారణం ఇదే. మలుపులోకి ఆలస్యంగా, బయటి అంచు నుంచి ప్రవేశించాలి. మీ భుజం ఆ చెట్టును దాటే వరకు స్టీరింగ్ తిప్పకూడదు. ఒక్కసారిలో తిరగదనిపిస్తే రెండు మూడు సార్లు ముందుకు వెనక్కి చేయడానికి మొహమాటపడకూడదు. అలాంటి మలుపులే ఎక్కువగా ఉన్న దారికి మాత్రం ఏ యాక్సెసరీ కూడా పరిష్కారం కాదు.

లక్షణం: లిఫ్ట్ చేయించిన తరువాత వేగం పెరగగానే వణుకు

చాలామంది దీన్ని టైర్ల బ్యాలెన్సింగ్ లోపమని పొరబడతారు. బిగువైన వెనుక ఇరుసు ఉన్న పొట్టి బండిలో వెనుక ప్రొపెల్లర్ షాఫ్ట్ (వెనుక ఇరుసుకు శక్తిని మోసే తిరిగే కడ్డీ) చాలా పొట్టిగా ఉంటుంది. 75 మి.మీ. లిఫ్ట్ చేస్తే 900 మి.మీ. షాఫ్ట్ వాలు సుమారు 5 డిగ్రీలు పెరిగితే, 500 మి.మీ. షాఫ్ట్ వాలు సుమారు 8.5 డిగ్రీలు పెరుగుతుంది. ఆ కోణంలో యూనివర్సల్ జాయింట్లు (షాఫ్ట్ చివర్ల కీళ్లు) సమగతిలో తిరగలేవు. ట్రాన్స్‌ఫర్ కేస్‌ను కొద్దిగా కిందికి దించడం ఒక ఉపాయం గానీ, దానివల్ల పొట్ట కిందికి దిగి, లిఫ్ట్‌తో సంపాదించిన బ్రేకోవర్ కోణంలో కొంత పోతుంది. డబుల్ కార్డన్ జాయింట్ (రెండు కీళ్లు జంటగా ఉన్నది) ఉన్న షాఫ్ట్ వేయించి, దానికి తగినట్టు వెనుక ఇరుసు కోణాన్ని సరిచేయించడం సరైన మార్గం.

గతుకుల మట్టిరోడ్డు మీద పొట్టి బండి ముందుకూ వెనక్కూ ఊగడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు: గాలి కొంత తగ్గించి, షాకబ్జార్బర్లను పరీక్షించి, వేగం తగ్గిస్తే భరించవచ్చు.

పరిష్కారాల తరువాత కూడా మిగిలే లక్షణాలు

పైవాటిలో సర్దుబాట్లకు లొంగనివి రెండే: పొడవు బండికి ఇరుకు మలుపు, పొట్టి బండికి నిట్టనిలువు మెట్టు. పొట్ట ఆనుకోవడాన్ని టైర్లతో, ప్లేట్లతో చాలావరకు సరిచేయవచ్చు. కాబట్టి అడవి బాటల్లో, చెట్ల మధ్య తిరిగేవారు పొట్టిదాన్నీ, పొడవైన ఎక్కుడులు, రాతి మెట్లు, ఇసుక మైదానాలు, నలుగురి సామానుతో దూర ప్రయాణాలు ఉన్నవారు పొడవుదాన్నీ ఎంచుకోవడం నా దృష్టిలో సబబు. రెండూ సమానంగా ఎదురయ్యేవారికి నడుమ కొలత ఒకటి ఉంది: జీప్ రాంగ్లర్ టీజే తరంలో 93.4 అంగుళాల బండికి తోడుగా 2004 మోడల్‌లో వచ్చిన అన్‌లిమిటెడ్ వీల్‌బేస్ 103.4 అంగుళాలు, అంటే సుమారు 2,626 మి.మీ. అయిదు డోర్ల జిమ్నీ 2,590 మి.మీ. కూడా ఆ దరిదాపుల్లోదే.

కొనే ముందు మీ దారిలోని అత్యంత ఇరుకైన మలుపు దగ్గరా, అత్యంత ఎత్తైన మెట్టు దగ్గరా టేపు పట్టి కొలతలు రాసుకుని, వాటిని పై లెక్కల్లో వేసి చూడాలి. వీలైతే రెండు రకాల బండ్లనూ అరువు తెచ్చుకుని, సుద్ద పూసి, అవే రెండు చోట్ల నడిపి చూడాలి.