ఇంగ్లిష్ హోంవర్క్, ఏడో పాఠం: ముందు తెలుగులో మార్చండి

పోయిన వారం పాఠం దెబ్బకి ఈ వారం నా బల్ల మీద నోటుబుక్కులు గుట్టపడ్డాయి. అందులోంచి ఎనిమిదో తరగతి అమ్మాయి పుస్తకం ఒకటి ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను. పాఠం డైరెక్ట్ స్పీచ్‌ని ఇండైరెక్ట్‌లోకి మార్చడం, అంటే ఒకరన్న మాటని కొటేషన్ మార్కులు తీసేసి మన మాటల్లో ఇంకొకరికి చెప్పడం. మూడో ప్రశ్న ఇది: ద టీచర్ సెడ్, "సిట్ డౌన్." ఆ అమ్మాయి రాసిన జవాబు: "ద టీచర్ సెడ్ దట్ సాట్ డౌన్." మార్జిన్‌లో వాళ్లమ్మగారు పెన్సిల్‌తో సన్నగా రాశారు: "మీరు చెప్పినట్టే ఒక మెట్టు వెనక్కి జరిపింది. రైటేనా అండీ?"

రైటు కాదమ్మా. కానీ తప్పు పిల్లది కాదు, నాది. ఆరో పాఠంలో "కొటేషన్ మార్కుల మధ్య ఉన్న క్రియని ఒక మెట్టు వెనక్కి జరపండి, అంతే" అని రాసింది నేనే, అంటే ఈజ్‌ని వజ్, విల్‌ని వుడ్ చేయమని. ఆ "అంతే" కొంప ముంచింది. సిట్‌ని సాట్ చేశారు, డోంట్‌ని డిడ్‌నాట్ చేశారు. ఒకబ్బాయి కృష్ణా నదిని కూడా వదల్లేదు. "కృష్ణా నది బంగాళాఖాతంలో కలుస్తుంది అని సారు చెప్పారు" అన్న వాక్యంలో ఫ్లోస్‌ని ఫ్లోడ్ చేశాడు. అలా రాస్తే వ్యాకరణం ఏమీ పడిపోదు, ఇంగ్లిష్ వాళ్లు అలాగూ అంటారు. కానీ నది ఇవాళ్టికీ హంసలదీవి దగ్గర కలుస్తూనే ఉంది కదా, ఎప్పుడూ నిజమయ్యే మాటని కదపక్కర్లేదు. స్కూల్లో కదిపితే మార్కు పోతుంది. అలాగే సంవత్సరం వేసి చెప్పిన పాత సంగతి. "ప్రకాశం బ్యారేజీ 1957లో ప్రారంభమైంది" అని ఎవరైనా అంటే, ఓపెన్డ్‌ని హాడ్ ఓపెన్డ్ చేయకపోయినా ఫర్వాలేదు, 1957 అన్న అంకే అది ఎప్పటి మాటో చెప్పేస్తోంది.

మెట్ల సంగతి ఇక్కడితో వదిలేద్దాం. నోటుబుక్కులన్నీ చూశాక నాకు అర్థమైంది వేరే. మీరు మెట్ల దగ్గర పడలేదు, "అని" దగ్గర పడ్డారు.

తెలుగులో ఎవరేమన్నా, ఎవరేం అడిగినా, ఎవరేం పురమాయించినా చివర్లో ఒక "అని" తగిలిస్తే పనైపోతుంది. "కూర్చో అని చెప్పారు", "ఎక్కడికి అని అడిగాడు", "రాను అని అన్నాడు". మూడింటికీ ఒకటే మాట. చిన్నప్పుడు ఎవరో "అని అంటే దట్" అని మన చెవిలో వేశారు, ఇక కనపడ్డ ప్రతి చోటా దట్ పెడుతున్నాం. "హీ ఆస్క్డ్ దట్ వేర్ ఆర్ యు గోయింగ్" అనే వాక్యం ఈ వారం పదకొండు పుస్తకాల్లో చూశాను. పదకొండూ వేరే వేరే చేతిరాతలే, కాబట్టి కాపీ కూడా కాదు.

అందుకని ఈసారి పద్ధతి మారుస్తున్నాను. ఇంగ్లిష్ జోలికి వెళ్లకముందే వాక్యాన్ని తెలుగులో మార్చండి. కొటేషన్ మార్కులు తీసేసి, తెలుగులోనే ఇంకొకరికి చెబుతున్నట్టు చెప్పండి. పైకే చెప్పండి. నేను ఇక్కడ ఇంగ్లిష్ వాక్యాల్ని తెలుగు లిపిలో రాయడం కూడా అందుకే: ముందు నోరు తిరగాలి, పెన్ను తర్వాత.

"సిట్ డౌన్" తీసుకోండి. "కూర్చో అని టీచర్ చెప్పారు" అన్నదాన్ని అటక మీద పెట్టండి. ఇంటికెళ్లి అమ్మకి చెప్పేటప్పుడు ఏమంటారు? "టీచర్ కూర్చోమని చెప్పారు" అంటారు. ఆ "మని" వినపడిందా? "మని" వినపడితే ఇంగ్లిష్‌లో "టు". ద టీచర్ టోల్డ్ హర్ టు సిట్ డౌన్. క్రియ ఏ మెట్టూ దిగదు, ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. "మాట్లాడొద్దు" అన్నారనుకోండి, తెలుగులో "మాట్లాడొద్దని చెప్పారు" అవుతుంది. "వద్దని" వినపడితే "నాట్ టు". ద టీచర్ టోల్డ్ అజ్ నాట్ టు టాక్. బతిమాలితే బెగ్డ్, గదమాయిస్తే ఆర్డర్డ్, మర్యాదగా అడిగితే రిక్వెస్టెడ్ అని ఎర్ర అట్ట గ్రామర్ పుస్తకంలో పెద్ద పట్టీ ఉంటుంది. నేనైతే టోల్డ్, ఆస్క్డ్ రెంటితోనే బండి లాగిస్తాను. ప్లీజ్ ఉంటే ఆస్క్డ్, లేకపోతే టోల్డ్. ఇన్నేళ్లలో నా పిల్లలకి దీనివల్ల పెద్దగా మార్కులు పోయింది లేదు.

ఇప్పుడు ప్రశ్నలు. "వేర్ ఆర్ యు గోయింగ్?" అని అతను నన్నడిగాడు. తెలుగులో "ఎక్కడికి వెళ్తున్నావని అడిగాడు" అని ఆగిపోకండి, ఇంకొక్క అడుగు వేయండి. "నేను ఎక్కడికి వెళ్తున్నానో అడిగాడు." ఏమైందో చూశారా? "అని" మాయమైపోయింది, దాని చోట "ఓ" వచ్చింది. "వెళ్తున్నావు" కాస్తా "వెళ్తున్నాను" అయింది. ప్రశ్న గుర్తు పెట్టే చోటే లేదు, ఎందుకంటే అది ఇక ప్రశ్న కాదు, ఒక సమాచారం. దీన్ని ఇంగ్లిష్‌లోకి దించండి: హీ ఆస్క్డ్ మీ వేర్ ఐ వజ్ గోయింగ్. "అని" లేదు కాబట్టి దట్ లేదు. ప్రశ్న లేదు కాబట్టి "వజ్ ఐ" అని తిరగేయడం లేదు. "వెళ్తున్నాను" అయింది కాబట్టి "యు" పోయి "ఐ" వచ్చింది. మీ నోటుబుక్కుల్లో ఎర్ర సిరా పడ్డ మూడు చోట్లూ ఆ ఒక్క "ఓ"తో సర్దుకున్నాయి.

"వాట్ ఈజ్ యువర్ నేమ్?" దగ్గర దాదాపు అందరూ బోల్తా పడ్డారు. "నా పేరేమిటో అడిగింది" అని పలికి చూడండి. షీ ఆస్క్డ్ మీ వాట్ మై నేమ్ వజ్. ఆ వజ్ చివర్న ఒంటరిగా నిలబడితే మీకు ఏదోలా ఉందని తెలుసు, ఒకాయన ఉండబట్టలేక దాన్ని మళ్లీ ముందుకి లాగి నాకు తిరిగి పంపించారు కూడా. లాగకండి. దాని చోటు అదే.

అవును, కాదు అని జవాబొచ్చే ప్రశ్నలైతే ఇంకా తేలిక. "తిన్నావా?" అని అమ్మ అడిగింది. "తిన్నానో లేదో అడిగింది." ఆ "ఓ లేదో" జంటే ఇంగ్లిష్‌లో ఇఫ్. మదర్ ఆస్క్డ్ మీ ఇఫ్ ఐ హాడ్ ఈటెన్. వెదర్ అని రాసినా ఒకటే, నాకు ఇఫ్ ఇష్టం, స్పెల్లింగ్‌లో రెండే అక్షరాలు. మిర్చి యార్డు నుంచి వచ్చిన తాతయ్యని ఎవరో "క్వింటా ఎంత పలికింది?" అని అడిగారనుకోండి, "ఎంత పలికిందో అడిగారు". ఆటో ఆపి "శంకర్ విలాస్ సెంటర్‌కి వస్తావా?" అంటే "వస్తాడో లేదో అడిగాను". ఇవి మీరే ఇంగ్లిష్‌లోకి దించుకోండి.

రేపు, నిన్న, ఇక్కడ, ఇప్పుడు లాంటివి ఎలా మారతాయో తెలిసిందే, దాని మీద సమయం పెట్టను.

కానీ "నేను" దగ్గర ఆగాలి. ఈ ఒక్క పొరపాటు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకో చెబుతాను. డిగ్రీ చదివే రోజుల్లో అరండల్‌పేటలో ఇద్దరం ఒక గదిలో ఉండేవాళ్లం. ఇంటి ఓనరుగారు తమిళాయన, మాతో ఇంగ్లిష్‌లోనే మాట్లాడేవారు. ఒకటో తారీఖు పొద్దున్న మావాడు "ఈ నెల అద్దె నేను కడతానని ఆయనకి చెప్పరా" అని నాకు పురమాయించి కాలేజీకి వెళ్లిపోయాడు. నేను కిందికి దిగి, గొంతు సవరించుకుని, చాలా స్టైలుగా "సర్, హీ సెడ్ దట్ ఐ విల్ పే ద రెంట్" అన్నాను. ఆయన నవ్వి, చెయ్యి చాపారు. నా జేబులోంచి నూట యాభై రూపాయలు ఆ చేతిలో పడ్డాయి. మావాడు సాయంత్రం వచ్చి "గ్రామర్ నీది, నష్టం కూడా నీదే" అన్నాడు. ఆ డబ్బు ఈ రోజు వరకు ఇవ్వలేదు.

తెలుగులో ఇందులో తప్పేం లేదు, "నేను కడతానన్నాడు" అంటే వాడే కడతాడని అందరికీ అర్థమవుతుంది. మన క్రియ అలాంటిది. "వాడు వస్తానన్నాడు" అంటాం చూడండి, ముందేమో "వాడు", క్రియ చివరేమో "వస్తాను"! వాడి నోట్లోని "ను" అలాగే అతుక్కుని ఉంటుంది, మనకి ఇబ్బందే ఉండదు. ప్రత్యక్ష కథనాన్ని పరోక్ష కథనంలోకి మార్చమని తెలుగు పరీక్షలో అడిగితే మీరు చక్కగా రాస్తారు: "నేను రేపు రాను" అని రవి అన్నాడు అన్నది "తాను మర్నాడు రానని రవి అన్నాడు" అవుతుంది. నేను పోయి తాను వచ్చింది, కానీ "రాను" మాత్రం "రాడు" కాలేదు. ఇంగ్లిష్‌కి ఈ వెసులుబాటు లేదు. అక్కడ "ఐ" అంటే ఇప్పుడు నోరు తెరిచి మాట్లాడుతున్నవాడే, ఇంకెవరూ కాదు. కాబట్టి తెలుగు వాక్యంలో "తాను" వచ్చిందంటే ఇంగ్లిష్‌లో హీ గానీ షీ గానీ. రవి సెడ్ దట్ హీ వుడ్ నాట్ కమ్ ద నెక్స్ట్ డే.

నా కిటుకు ఒకటుంది. కొటేషన్ లోపల ఐ, మై, యు, యువర్ ఎక్కడ కనపడినా దాని నెత్తి మీద పెన్సిల్‌తో మనిషి పేరు రాయండి. ఐ అంటే అన్నవాడి పేరు, యు అంటే విన్నవాడి పేరు. "యు టుక్ మై పెన్" అన్న ఒక్క మాటనే తీసుకుందాం. రవి సుమతో అంటే, యు మీద సుమ, మై మీద రవి. రవి టోల్డ్ సుమ దట్ షీ హాడ్ టేకెన్ హిజ్ పెన్. అదే రవి నాతో అంటే, యు మీద నేను. రవి టోల్డ్ మీ దట్ ఐ హాడ్ టేకెన్ హిజ్ పెన్. నేను రవితో అంటే, మై మీద నేను. ఐ టోల్డ్ రవి దట్ హీ హాడ్ టేకెన్ మై పెన్. సుమ మా ఇద్దరితో అంటే? సుమ టోల్డ్ అజ్ దట్ వుయ్ హాడ్ టేకెన్ హర్ పెన్. రవీ సుమా కలిసి నాతో అంటే మై ఉండదు, అవర్ అవుతుంది, అది మీకే వదిలేస్తున్నాను. ఒకటే పెన్ను, ఇన్ని గొడవలు. పేర్లు రాయకుండా "నాకు వచ్చులే" అని మొదలుపెట్టినవాళ్లే ఎప్పుడూ పడతారు, పదో తరగతి పిల్లలు మరీను.

టోల్డ్ అన్నారా, ఎవరితోనో చెప్పి తీరాలి. "హీ టోల్డ్ దట్" అని ఊరికే వదిలేస్తే వాక్యం కుంటుతుంది. "టోల్డ్ టు మీ" అని టు దూర్చినా కుంటుతుంది. మనిషి లేకపోతే సెడ్, మనిషి ఉంటే టోల్డ్. దట్ సంగతంటారా, మాట్లాడేటప్పుడు నేను వాడను, హీ సెడ్ హీ వుడ్ కమ్ అంటే ఎవరూ కాదనరు. పరీక్షలో మాత్రం రాయండి, దిద్దేవాళ్ల కళ్లు దాని కోసమే వెతుకుతాయి.

అభ్యాసం. పుస్తకంలో ఉన్న పది వాక్యాలు ఈ వారం వద్దు. ఆదివారం ఒక అరగంట ఫోను జేబులో పెట్టేసి మనుషులున్న చోట కూర్చోండి. విజయవాడ వాళ్లకి పండిట్ నెహ్రూ బస్టాండు ఉంది, గుంటూరు వాళ్లకి కూరగాయల మార్కెట్టు చాలు, ఎక్కడికీ వెళ్లలేని వాళ్లకి వంటింటి గుమ్మం. చెవిన పడ్డ ఇరవై మాటలు ఎవరు ఎవరితో అన్నారో సహా తెలుగులో రాసుకోండి. ప్రతి దాన్నీ ముందు తెలుగులోనే మార్చి పక్కన "మని", "ఓ", "తాను" అని ముద్ర వేయండి. ముద్ర పడ్డాకే ఇంగ్లిష్. ఇరవై ఎక్కువంటే పదిహేను, అంతకు తగ్గితే నేను దిద్దను. అమ్మలూ నాన్నలూ, మీరు జవాబులు రాసిపెట్టకండి, పేర్లు పెన్సిల్‌తో రాశారో లేదో చూడండి చాలు.

వాటితో పాటు ఇదొకటి. మొన్న ట్యూషన్ మెట్ల మీద ఒక బుడతడు వాళ్లక్కతో అన్న మాట, ఉన్నది ఉన్నట్టు: "పాల ప్యాకెట్ తెచ్చావా అని అమ్మ అడగమంది." అక్క ఆ సంగతి నాకు ఇంగ్లిష్‌లో చెప్పాలి. ముందుగా ఇందులో మాట్లాడినవాళ్లు ఎంతమందో లెక్కపెట్టుకోండి, ఆ తర్వాత పెన్సిల్ తీయండి.