కెమెరా బాక్స్ దొరకకపోతే ముందు మాస్క్ చూడండి

బేగంబజార్‌లో ఒక స్టీలు సామాన్ల షాపులో కొత్త డీవీఆర్, అంటే కెమెరాల రికార్డింగ్ బాక్స్ పెట్టాం. లైట్లు వెలుగుతున్నాయి, వైరు బాగానే ఉంది, గల్లా దగ్గరి కంప్యూటర్‌లో మాత్రం కెమెరాలు రావట్లేదు. "అన్నా, బాక్స్ పాడైనట్టుంది, వాపస్ ఇద్దామా?" అని నాతో పని నేర్చుకుంటున్న తమ్ముడు టెన్షన్ పడ్డాడు. బాక్స్‌కు ఏమీ కాలేదు. కంప్యూటర్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబరు) 192.168.0.15, బాక్స్‌ది 192.168.1.64, రెండింటి మాస్క్ (అడ్రస్ పక్కనే ఉండే సబ్‌నెట్ మాస్క్ అనే నంబరు) 255.255.255.0.

మన పాత ఇంటి నంబర్లతో చెప్పాను. 3-6-120 అంటే వార్డు, బ్లాకు, ఇల్లు. ఐపీ అడ్రస్‌లోనూ ముందు భాగం గల్లీ, వెనక భాగం ఇల్లు. అయితే గల్లీ ఎక్కడ ఆగి ఇల్లు ఎక్కడ మొదలవుతుందో అడ్రస్ ఒక్కటే చూస్తే తెలియదు, మాస్క్ చూడాలి. 255 ఉన్నచోట గల్లీ, 0 ఉన్నచోట ఇల్లు. అంటే కంప్యూటర్‌ది 192.168.0 గల్లీ, బాక్స్‌ది 192.168.1 గల్లీ. వేరే గల్లీ అనగానే కంప్యూటర్ తను నేరుగా పోదు, రౌటర్ చేతికిస్తుంది. ఆ గల్లీ రౌటర్‌కూ తెలియదు, ఇంటర్నెట్ వైపు నెట్టేస్తుంది. అక్కడ ఈ అడ్రస్‌కు దారే ఉండదు.

ఎందుకంటే ఇవి ప్రైవేట్ అడ్రస్‌లు. ఐపీవీ4లో, అంటే ఈ నాలుగు అంకెల అడ్రస్ పద్ధతిలో, మొత్తం అడ్రస్‌లు సుమారు 429 కోట్లు, అవి అందరికీ చాలవు. అందుకని లోపల ఎవరైనా వాడుకోవడానికి మూడు వరసలు విడిగా ఉంచారు, 1996లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ పత్రంలో అవి ఉన్నాయి: 10తో మొదలయ్యేవన్నీ, 172.16 నుంచి 172.31 వరకు, 192.168తో మొదలయ్యేవన్నీ. 172.32 ప్రైవేట్ కాదు, ఇక్కడ చాలామంది పొరబడతారు. ఈ షాపులోనూ, అమీర్‌పేట హాస్టల్‌లోనూ అదే 192.168.0.15 ఉన్నా గొడవ లేదు. బయటికి పోయేటప్పుడు రౌటర్ వేరే అడ్రస్ తగిలించి పంపుతుంది.

తమ్ముడు కంప్యూటర్ మాస్క్‌ను 255.255.0.0 చేసి చూశాడు. ఆలోచన మంచిదే, ఇప్పుడు కంప్యూటర్‌కు బాక్స్ సొంత గల్లీదే. కానీ బాక్స్ మాస్క్ పాతదే కదా, దాని లెక్కలో కంప్యూటర్ ఇంకా పరాయిదే. పిలుపు చేరింది, జవాబు రాలేదు. మాస్క్ రెండు వైపులా కుదరాలి.

నేను చేసేది ఇది. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొట్టి అడ్రస్, మాస్క్, గేట్‌వే (గల్లీ బయటికి పంపే రౌటర్ అడ్రస్) మూడూ కాగితం మీద రాసుకోండి. బాక్స్ అడ్రస్ దాని మెనూలోనో, స్టిక్కర్ మీదో ఉంటుంది. కంప్యూటర్‌కు కాసేపు 192.168.1.50 ఇచ్చి, మాస్క్ 255.255.255.0 పెట్టి, బ్రౌజర్‌లో బాక్స్ పేజీ తెరవండి. అక్కడ బాక్స్‌కు 192.168.0.200, అదే మాస్క్, గేట్‌వే 192.168.0.1 ఇచ్చి సేవ్ చేయండి. తర్వాత కంప్యూటర్‌కు కాగితం మీద రాసుకున్న పాత నంబర్లే మళ్ళీ పెట్టండి.

ఆ 200 ఊరికే ఎంచుకున్నది కాదు. ఈ మాస్క్‌తో గల్లీలో 256 నంబర్లుంటాయి. మొదటిది గల్లీ పేరుకు, చివరిది అందరినీ ఒకేసారి పిలవడానికి పోతే 254 మిగులుతాయి. ఈ షాపు రౌటర్ ఫోన్లకు 100 నుంచి 199 వరకే పంచుతోంది. బాక్స్‌కు ఆ మధ్య నంబరు ఇచ్చి ఉంటే, ఎప్పుడో ఒకరోజు ఎవరి ఫోన్‌కో అదే నంబరు వచ్చి కెమెరాలు ఆగిపోయేవి.

కొత్త నంబరు స్టిక్కర్ మీద రాసి తమ్ముడే బాక్స్‌కు అంటించాడు.