బైక్యాచ్‌ని పారెయ్యకుండా వాడుకోవడం ఎలా

రొయ్యల కోసం వల వేస్తే దాంతో పాటు మనం అడగనివి కూడా బోలెడు పడతాయి కదా, ఆ బైక్యాచ్‌ని చాలా బోట్లలో పారతో తోసి తిరిగి సముద్రంలో పడేస్తారు. ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) 2019లో వేసిన రిపోర్టు చూస్తే ప్రపంచం మొత్తం మీద అన్ని రకాల సముద్ర వేటా కలిపి ఏటా 91 లక్షల టన్నుల దాకా ఇలా పోతోంది, అంటే పట్టినదాంట్లో 10 శాతం పైనే.

వల డెక్ మీద పడగానే ముందు చూడాల్సింది ఏది వదిలెయ్యాలి అని. తాబేళ్లు, పట్టకూడని సొరలు, ఇంకా బతికే అవకాశం ఉన్నవి వెంటనే నీళ్లలోకి, వాటిని "వాడుకోవడం" అనే మాటే లేదు. రూల్స్ కూడా బోటు కదలకముందే కనుక్కోండి, ఎందుకంటే ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. నార్వేలో కాడ్, హాడాక్ అనే చేపల్ని పారెయ్యడం 1987 నుంచే నిషేధం, యూరోపియన్ యూనియన్‌లో కోటా (ఇంతకు మించి పట్టకూడదనే పరిమితి) ఉన్న రకాల్లో సైజు తక్కువవి కూడా ఒడ్డుకు తేవాల్సిందే కానీ నేరుగా మనుషులు తినడానికి అమ్మకూడదు.

అసలు పని చెడేది ఐస్ దగ్గర. ఉన్న ఐస్ అంతా రొయ్యకే పోసి మిగతాది ఎండలో కుప్పగా వదిలేస్తే ఇంక దాంతో ఏమీ చెయ్యలేం, చిన్న చేపలకి పొట్ట పగలడానికి ఎంతోసేపు పట్టదు. వేడి ప్రాంతాల్లో అయితే కిలో చేపకి కిలో ఐస్ అనుకోండి, అందుకే బయల్దేరేటప్పుడే బైక్యాచ్‌కి కూడా కలిపి ఎక్కించుకోవాలి, విడి ట్రేలు పెట్టుకోవాలి. కానాగంతలు, ట్యూనా లాంటివి చల్లబడకపోతే హిస్టమిన్ అనే, ఒంటికి పడని పదార్థం తయారవుతుంది, తర్వాత ఎంత ఉడకబెట్టినా పోదు. పఫర్ ఫిష్ విషం కూడా అంతే, వంటతో పోదు, అది ఒక్కటి కూడా తినే ట్రేలోకి రాకూడదు.

బాగున్నవి ఉన్నవున్నట్టే అమ్మండి. ముళ్లెక్కువని ఎవరూ కొనని చిన్నవాటిని శుభ్రం చేసి మెషిన్‌లో కండ, ముల్లు వేరు చేసి కీమా చేస్తే కట్లెట్లకీ బాల్స్‌కీ పోతుంది, తెల్ల కండ ఉన్నవైతే ఆ కీమానే చల్లటి నీళ్లలో కడిగి సురిమి అనే చేప ముద్ద చేస్తారు. ఫిష్ మీల్‌కి (దాణాలో కలిపే ఎండు చేప పొడికి) ఇచ్చెయ్యడం తేలికే కానీ నాలుగైదు కిలోలు పోస్తే కిలో పొడి వస్తుంది, పైగా దానికి అలవాటుపడితే కావాలనే చిన్న కన్ను వల వేసి చేపపిల్లలన్నీ ఊడ్చేసేవాళ్లు తయారవుతారు, నాకైతే అది ఆఖరి దారి.

తినడానికి పనికిరాని వాటికి సైలేజ్ (యాసిడ్ కలిపి చేపని ద్రవంగా మార్చి దాణాకి వాడడం) మంచిది, పెద్ద మెషినరీ అక్కర్లేదు. చేపల్ని పేగులతో సహా మెత్తగా రుబ్బాలి (పేగుల్లోని ఎంజైములే కండని కరిగిస్తాయి, అందుకే తీసెయ్యకండి), ప్లాస్టిక్ డ్రమ్ములో వేసి 100 కిలోలకి 85 శాతం ఫార్మిక్ యాసిడ్ 3.5 కిలోలు పోసి ఎక్కడా పొడి ముద్ద మిగలకుండా కలపాలి. ఇనుప డ్రమ్ము వద్దు, యాసిడ్ తినేస్తుంది. గ్లవ్స్, కళ్లకి రక్షణ అద్దాలు లేకుండా ముట్టుకోవద్దు, గాలి ఆడే చోటే చెయ్యండి. పీహెచ్ (పులుపు కొలత, పులుపు పెరిగేకొద్దీ అంకె తగ్గుతుంది) 4 లేదా అంతకన్నా తక్కువ ఉండాలి, పీహెచ్ పేపర్‌తో చూసుకోండి, ఎక్కువుంటే ఇంకొంచెం యాసిడ్. 20 డిగ్రీల దగ్గర తాజా చేప రెండు రోజుల్లో నీరుగారుతుంది, చలిగా ఉంటే వారం పైన కూడా పట్టొచ్చు, మధ్యమధ్యలో కలుపుతూ ఉండండి. పందులకీ కోళ్లకీ దాణాలో కలపొచ్చు, కొవ్వు చేపలతో చేసినదైతే పైన తేలిన నూనె తీసెయ్యాలి, లేకపోతే మాంసానికి చేప వాసన పట్టేస్తుంది.