బెంగళూరు నుంచి గేలిక్, సోషియాలజీ కలిపి చదవాలంటే

ఇంటర్ అయ్యాక గేలిక్ (స్కాట్లాండ్‌లోని ఒక పాత భాష) చదువుతా అంటే మారతహళ్ళిలో మన వాళ్ళందరూ ముందు అడిగేది జాబ్ వస్తుందా అనే, అది తప్పు ప్రశ్నేం కాదు, అందుకే సోషియాలజీతో కలిపి చేయమంటున్నా. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో యూనివర్సిటీలో రెండూ కలిపి చదవొచ్చు. దాన్ని ఎంఏ అంటారు కానీ అది నాలుగేళ్ళ డిగ్రీయే, మన పీజీ కాదు. అప్లికేషన్ యూకాస్‌లో, అంటే యూకే యూనివర్సిటీల అడ్మిషన్ల వెబ్‌సైట్‌లో పెట్టాలి, మీ బోర్డు మార్కులు నేరుగా సరిపోతాయా, డిగ్రీకి ముందు చేసే ఫౌండేషన్ కోర్సు కావాలా అనేది ముందే కనుక్కోండి.

భాష ఇక్కడి నుంచే మొదలుపెట్టేయండి, డ్యువోలింగో యాప్‌లో స్కాటిష్ గేలిక్ 2019 నుంచి ఉంది. అక్షరాలు 18 మాత్రమే, కానీ వాక్యంలో క్రియ ముందొస్తుంది, మనకి చివర్లో వస్తుంది కదా, కాబట్టి మొదట్లో బాగా తికమక పెడుతుంది. రోజూ గట్టిగా పైకి చదవండి, అదొక్కటే మార్గం. తోబర్ ఆన్ దూఆల్‌కైస్ అని పాత పాటలు, కథల రికార్డింగులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, ఊలు బట్టని బల్లకేసి బాదుతూ ఆడవాళ్ళు పాడే పాటలు తప్పకుండా వినండి, ఒకావిడ లైన్ ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటారు, అచ్చం మన నాట్ల పాటల్లాగే.

సోషియాలజీ వైపు అసలు విషయం ఒక భాష ఇంట్లోంచి ఎలా జారిపోతుందనేది. 2011 సెన్సస్‌లో స్కాట్లాండ్‌లో గేలిక్ మాట్లాడేవాళ్ళు సుమారు 57 వేలే, 2005లో దానికోసం చట్టం కూడా వచ్చింది. అప్లికేషన్‌లో ఈ కోర్సు ఎందుకో మీ మాటల్లో చెప్పే పర్సనల్ స్టేట్‌మెంట్‌లో మీ అపార్ట్‌మెంట్ పిల్లల గురించి రాయండి, అమ్మతో తెలుగు, లిఫ్ట్‌లో ఇంగ్లీష్, కింద షాపులో కన్నడ, తెలుగు చదవడం మాత్రం రాదు. ఎవరితో ఏ భాషో ఓ వారం నోట్ చేసుకుని రాస్తే ఇంకా మంచిది.